ఓడకి అవతలి వైపు

మా బావ జీవితంలో ఒకే ఒక్కసారి పడవ ఎక్కాడు. ఆ ఒక్కసారీ నా పక్కనే కూర్చుని, నా కొత్త చెప్పుల మీద వాంతి చేసుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు ఓడల బొమ్మలు వేసి ఇల్లు నడిపిన మనిషి గురించి ఇలా మొదలుపెట్టడం మా అక్కకి బొత్తిగా నచ్చలేదు. "ఆయన గురించి రాసేదేదో ఒక మంచి మాటతో మొదలుపెట్టొచ్చు కదే" అంది. మంచి మాటలు వస్తాయి, తొందరేమీ లేదు. ముందు మనిషి ఎలాంటివాడో తెలియాలి.

బావ గది రేవు వీధిలో, తాళ్లు, రంగు డబ్బాలు, కప్పీలు, లాంతర్లు అమ్మే దుకాణం మీద ఉండేది. ఇరుకు మెట్లెక్కి తలుపు తీస్తే ముందు టర్పెంటైను వాసన, దాని వెనకాలే కింది దుకాణంలోంచి తారు వాసన కొట్టేవి. గది మొత్తానికి ఒకటే పెద్ద కిటికీ. కిటికీకి ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల గట్టు, గట్టుకి ఆనుకుని ఓడలు. గోడకి ఒక పక్కంతా చిన్న చిన్న చెక్కముక్కలు మేకులు కొట్టి ఉండేవి. ఒక్కో ముక్క మీద ఒక్కో కంపెనీ పొగగొట్టం రంగు. ఆ రంగులు బజార్లో కొన్నవి కావు. ఓడలకి రంగులు వేసే పనివాళ్లని మంచి చేసుకుని, పొగగొట్టానికి పూయగా డబ్బా అడుగున మిగిలింది అడిగి తెచ్చుకునేవాడు. "మేనేజరుకి వాళ్లావిడ ముక్కు కాస్త వంకరగా వేసినా పట్టదు. పొగగొట్టం ఎరుపు తేడా వచ్చిందంటే మాత్రం పటం ఆ సాయంత్రానికే తిరిగొస్తుంది" అనేవాడు.

నేను పనిచేసేది అదే వీధి చివర, ఓడల ఏజెంటు ఆఫీసులో. ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఏ గట్టున ఆగుతుంది, ఎప్పుడు పోతుంది, అవన్నీ సుద్దముక్కతో బోర్డు మీద రాసేది నేనే. అక్క ఇద్దరికీ కలిపి ఒకే క్యారియరు కట్టేది కాబట్టి మధ్యాహ్నం భోజనం బావ గదిలోనే. తింటూ ఆయన బొమ్మలకి వంకలు పెట్టడం నా పని. మరదలికి ఆ మాత్రం హక్కు ఉంటుంది.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో కెప్టెన్లకి తుఫాను కావాలి. ఓడ ముక్కు మీద అల విరిగి పడుతుండాలి, ఆకాశం నల్లగా ఉండాలి, అంత గాలిలోనూ తాము నిబ్బరంగా నిలబడి ఉన్నట్టు ఇంటికెళ్లి చెప్పుకోవాలి. కంపెనీవాళ్లకి సముద్రం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉండాలి. ఇన్సూరెన్సు ఆఫీసువాళ్లయితే ఒకసారి ఒక మూల చిన్న మబ్బు ఉందని పటం వెనక్కి పంపారు. పాత రోజుల్లో పొగ నల్లగా దట్టంగా వెయ్యమనేవాళ్లు. పొగ వస్తోందంటే పని జరుగుతోందని వాళ్ల లెక్క. తర్వాత వాళ్ల కొడుకులు కుర్చీలెక్కి, అదే పొగ తీసెయ్యమన్నారు. బావ తన చేత్తో వేసిన పొగని తన చేత్తోనే కప్పి, దాని మీద నీలం ఆకాశం పూసిచ్చాడు. మూటలూ పీపాలూ దుంగలూ పోయి కంటైనర్లు వచ్చాక ఆయనకి పని మీద సగం సరదా పోయింది. "నేను ఓడ వేస్తున్నానా, అగ్గిపెట్టెల కొట్టు వేస్తున్నానా" అని గొణుక్కునేవాడు. గట్టున ఆ రోజు నలభై పెట్టెలే ఉన్నా పటంలో నాలుగొందలు ఉండాలి. వాటిలో ఒక్కో దానికి ఒక్కో రంగు.

వీటన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి ఉంది. సరుకు నిండిన ఓడ నీళ్లలో బాగా కిందికి కూర్చుంటుంది. ఖాళీ ఓడ పైకి తేలి, ఎర్ర రంగు పూసిన పొట్ట బయటపడుతుంది. ఆ ఎరుపు పటంలో కనపడకూడదు. కనిపిస్తే కంపెనీ ఖాళీగా తిరుగుతోందని చూసినవాళ్లు అనుకుంటారు. అందుకని గట్టున ఓడ ఎంత ఖాళీగా ఉన్నా, బావ పటంలో మాత్రం పొట్ట దాచుకుని నిండుగా ఉండేది. ముప్పై నాలుగేళ్లలో ఆయన ఒక్క ఖాళీ ఓడ కూడా వెయ్యలేదు.

ఇక ముక్కు సంగతి చెప్పాలి. అసలు కథంతా దాంట్లోనే ఉంది. మా రేవులో లాగే టగ్గు పడవలు ఓడని లోపలికి తెచ్చేటప్పుడే తిప్పేసి, ముక్కు బయటివైపు పెట్టి, ఎడమ భుజం గట్టుకి ఆనించి కట్టేస్తాయి. పోయేటప్పుడు మళ్లీ తిప్పే శ్రమ ఉండదని. కాబట్టి బావ కిటికీలోంచి ఏ ఓడ చూసినా కనిపించేది దాని ఎడమవైపే, ముక్కు ఎప్పుడూ మన ఎడమ చేతివైపే. కానీ ఆఫీసు గోడలకి అది అన్నిసార్లూ కుదరదు. తలుపుకి కుడిపక్కన పటం పెట్టుకునేవాళ్లకి ఓడ ముక్కు తలుపువైపు ఉంటే నచ్చదు. ఓడ బయటికి పోతున్నట్టు ఉంటే వ్యాపారం బయటికి పోతున్నట్టు అనిపిస్తుందట. ముక్కు కుడికి తిప్పమంటారు. అంటే ఓడ కుడివైపు వెయ్యాలి. కుడివైపు ఉండేది నీళ్లవైపు. కిటికీలోంచి కనపడదు.

దానికి బావ ఒక ఉపాయం కనిపెట్టుకున్నాడు. ఎలాగూ ప్రతి ఓడ గీతనీ ముందు పల్చటి కాగితం మీద గీసి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచేవాడు. ఆ కాగితాన్ని క్యాన్వాసు మీద పరిచి బొగ్గుపొడి మూట అద్దితే గీతంతా చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. ముక్కు కుడికి కావాలన్న రోజున కాగితం బోర్లా తిప్పి అద్దేవాడు, అంతే. ఎడమవైపు కుడివైపైపోయేది. కంపెనీవాళ్లు పొగగొట్టం రంగు చూసుకుని, జెండా చూసుకుని, పేరులో అక్షరాలు లెక్కపెట్టుకుని, సంతోషంగా పట్టుకెళ్లేవాళ్లు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

పడవెక్కి అవతలికి వెళ్లి చూడొచ్చు కదా అంటారేమో. అదే మా ఇంటి రహస్యం. బావకి నీళ్లంటే పడదు. గట్టున నిలబడి ఊగే పడవని చూసినా కళ్లు తిరుగుతాయి. కెప్టెన్లు ఆయన ఎదురుగా కూర్చుని ఎక్కడెక్కడి సముద్రాల గురించో మాట్లాడుతుంటే, అన్నీ చూసొచ్చినవాడిలా తలూపుతూ వినేవాడు. ఊళ్లో సగం మంది ఆయన కుర్రతనంలో ఓడల్లో తిరిగాడనే అనుకునేవాళ్లు. ఆయన అవునని ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు. అక్క మాత్రం "మా ఆయన సముద్రం మొత్తం కిటికీలో పట్టేస్తుంది" అనేది.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఒక మధ్యాహ్నం మేం తింటుండగా ఒక పెద్దాయన దుప్పట్లో చుట్టిన పటం చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. పొట్టిమనిషి, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, గది నేల ఊగుతోందేమో అన్నట్టు కాళ్లు ఎడంగా వేసి నిలబడ్డాడు. భోజనం అయ్యేదాకా ఆగుతానన్నాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. చేయి కడుక్కుని బావ దుప్పటి విప్పితే లోపల ఆయన వేసిన పటమే. ముక్కు కుడికి ఉన్న ఒక పాత సరుకు ఓడ. పని నుంచి దిగిపోయేవాళ్లకి ఆ కంపెనీ కానుకగా ఇచ్చే బొమ్మ అది. కాగితం ఎలాగూ ఉంది కాబట్టి బావ ఏడాదికి రెండు మూడు అలాంటివి అద్ది, రంగులేసి పంపేవాడు.

"ఈ ఓడలో ఇరవై ఎనిమిదేళ్లు వంట చేశానండీ" అన్నాడాయన. "బొమ్మ చాలా బాగుంది. కానీ నా వంటగది కిటికీ ఎక్కడా కనపడట్లేదు. ఏమైనా మర్చిపోయారేమోనని అడుగుదామని వచ్చాను."

బావకి తన లెక్క మీద మాట పడితే ముక్కు మీదే కోపం. "నేను మర్చిపోవడమేంటి. కిటికీ కిటికీ లెక్కపెట్టి వేస్తాను. అక్కడ వట్టి గోడే ఉంది, రెండు గాలిగొట్టాలున్నాయి. ఈ కళ్లతో చూసి వేశాను."

"అది ఎడమవైపండి. అక్కడ కోల్డు స్టోరు. దానికి కిటికీ ఉండదు. వంటగది కుడివైపు కదా. మీరు వేసింది కుడివైపు."

బావ లేచి వెళ్లి రేకు గొట్టంలోంచి ఆ ఓడ కాగితం తీశాడు. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే సూది చిల్లుల్లోంచి వెలుతురు పడి ఓడంతా చుక్కల్లో కనిపించింది. ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. ఏదో ఒక వంక పెడదామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

"పర్లేదండీ, కంపెనీవాళ్లు కూడా చూసుకోలేదు" అని వంటమేస్త్రే ఆయన్ని ఓదార్చాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పెళ్లయిన మూడో నెలలో ఓడెక్కాడట. ఏడాదికి ఒక నెల ఇంటికి. ఇంటికొచ్చేసి రెండేళ్లయింది. "మాకు మాటల్లేవని కాదమ్మా" అన్నాడు నావైపు తిరిగి, ఇలాంటివి ఆడమనిషికి తెలుస్తాయన్నట్టు. "కూరలో ఉప్పు చాలిందా అంటుంది, చాలిందంటాను. అంతే. ఏదో మనసులో పెట్టుకుంది. ఒక్కటే అడుగుతుంది, ఇన్నేళ్లు ఎక్కడున్నావు అని. ఊళ్ల పేర్లు చెబితే ఇంకా కోపం. ఊళ్లు కాదు, నువ్వు నిలబడేదెక్కడ, కూర్చునేదెక్కడ, అది చెప్పమంటుంది. నాకేమో చెప్పడం చేతకాదు. అందుకని ఈ పటం గోడకి కొట్టి, రా చూపిస్తానని పిలిచాను. తీరా చూస్తే వేలు పెట్టడానికి నా చోటు లేదు. గోడ ఉంది. 'అయితే ఎక్కడా లేవన్నమాట' అని కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది. నవ్వుతూ అని ఉంటే బాగుండేది."

పటం మీద ఉన్న ఆ ఓడ పేరు నాకు తెలుసు. పొద్దునే బోర్డు మీద రాశాను దాన్ని. మంగళవారం రాక, సరుకు దింపడం, గురువారం పదకొండింటికి పోవడం. చివర గడిలో పోయే ఊరు రాయాలి. ఈ ఓడకి ఆ గడిలో 'తుక్కు' అని రాయమన్నారు. అమ్మేశారు దాన్ని, పగలగొట్టే యార్డుకి. ఆ మాట చెప్పక తప్పలేదు. వంటమేస్త్రి తలూపి, "పాతదైపోయింది" అన్నాడు. కాసేపటికి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

బావ కంపెనీకి ఫోను చేయించాడు. ఓడ ప్లాన్లు అమ్మకం కాగితాలతో పాటే కొన్నవాళ్లకి వెళ్లిపోయాయన్నారు. "పోనీ మీరు చెప్పండి, నేను గీస్తాను" అన్నాడు వంటమేస్త్రితో. "లోపలినుంచైతే కళ్లు మూసుకుని చెబుతానండీ, ఏ గరిటె ఏ కొక్కేనికి ఉంటుందో కూడా. బయటినుంచి నేనెప్పుడు చూశాను? నిచ్చెన ఎక్కి లోపలికెళ్లడం, నిచ్చెన దిగి ఇంటికి రావడం" అన్నాడాయన.

ఆయన వెళ్లాక నేను నా తెలివితేటలన్నీ ఉపయోగించి ఒక సలహా ఇచ్చాను. "రెండు గుండ్రాలు గీసేసి ఇచ్చెయ్ బావా. ఆయన బయటినుంచి చూడలేదుగా, ఆయనకేం తెలుస్తుంది."

"తెలియదు. అందుకే వెయ్యలేను" అన్నాడు.

ఆ రోజు ఇంటి దగ్గర కంచం ముందు కూర్చుని కెలకడమే గానీ ముద్ద ఎత్తలేదు. ముక్కు కుడికి తిప్పి ఇచ్చిన పటాలు ఎన్నుంటాయో లెక్కపెట్టుకుంటున్నాడని నాకు తెలుసు. వంద దాకా ఉంటాయి, అన్నీ పెద్ద పెద్ద గోడల మీద. అక్క చూసి చూసి, "గురువారానికి ఆ నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యమంటారా" అంది. "గురువారం ఏముంది" అన్నాడు. "పడవెక్కుతారుగా" అంది. బావ ఆవిణ్ని కొరకొరా చూశాడు. ఆవిడేమీ ఎరగనట్టు మజ్జిగ పోసింది.

గురువారం పొద్దున ఓడల తాళ్లు మోసేవాళ్ల పడవ మాట్లాడి పెట్టాను. ఆ ముఠా పెద్దకి మా ఆఫీసులో నాతోనే పని, కాబట్టి కాదనలేదు. బావ ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకి వెళ్తున్నవాడిలా గట్టు మెట్ల మీద నిలబడ్డాడు. పడవ దగ్గరికొచ్చేసరికి వెనక్కి ఒక అడుగు వేశాడు. వంటమేస్త్రి ముందు దిగి, మాట్లాడకుండా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని బావ దిగాడు. దిగి కూర్చుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పడవ గట్టు వదిలి ఇరవై గజాలు పోయిందో లేదో, నా చెప్పుల కథ జరిగింది.

వంటమేస్త్రి అరచేత్తో బావ నుదురు పట్టుకుని, పని అయ్యేదాకా అలాగే ఉంచాడు. కొత్తగా ఓడెక్కిన వాళ్లందరికీ ఇరవై ఎనిమిదేళ్లూ అలాగే పట్టాడట. జేబులోంచి ఎండబెట్టిన బ్రెడ్డు ముక్క తీసి నోట్లో పెట్టాడు. "ఏదైనా కదలనిదాన్ని చూడండి" అన్నాడు.

"ఇక్కడ కదలనిదేముంది" అన్నాడు బావ నీరసంగా.

"నన్ను చూడండి."

పడవ ఓడ వెనకనుంచి చుట్టు తిరిగింది. అవతలి వైపు బయటపడగానే బావ తల ఎత్తాడు. నేనూ నోరు తెరిచే చూశాను. గట్టువైపు ఆ ఓడ మర్యాదగా ఉంది, ఎప్పుడో కొత్తగా వేసిన రంగూ అదీ. ఎవరైనా పెద్దవాళ్లు చూడటానికి వచ్చేది ఆ వైపే కాబట్టి రంగు ఆ వైపే వేసేవాళ్లు. ఈ వైపంతా తుప్పు. ఎక్కడికక్కడ సొట్టలు, సొట్టల మీద రేకు అతుకులు. సరుకంతా దింపేశారేమో, ఎర్ర పొట్ట రెండంతస్తుల మేడంత ఎత్తున బయటపడి ఉంది. వెనకవైపు, పొగగొట్టం కింద, రెండు గుండ్రటి కిటికీలు, పక్కన సగానికి తెరుచుకునే తలుపు, పైన ఒక సన్నటి గొట్టం. ఆ తలుపు కిందనుంచి నీళ్ల దాకా ఒక తెల్లటి చార దిగి ఉంది. జానెడు వెడల్పున మొదలై, కిందికి వచ్చేకొద్దీ మూరెడైంది.

"ఆ చారేంటి" అన్నాడు బావ.

"ప్రతి ఓడకీ ఉంటుందిగా, వంటగది కింద" అన్నాడు ముఠా పెద్ద. "కడిగిన నీళ్లు పారబోసి పారబోసి. ఎన్నిసార్లు రంగేసినా మళ్లీ అదే దారి."

వంటమేస్త్రి ఆ చారని చాలాసేపు చూశాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. "ముప్పై రెండు మంది పళ్లాలు. మూడు పూటలా" అన్నాడు చివరికి. "ఇలా పడిందని నాకు తెలియదు." ఆయన అంటూ ఉండగానే సగం తలుపు తెరిచి ఎవడో జబ్బలు బలిసిన మనిషి బేసినెడు నీళ్లు దిమ్మరించాడు. అవి ఆ చార మీదుగానే జారి కింద పడ్డాయి. "నూనె ముందు కాగితంతో తుడిచి అప్పుడు కడగాలని ఎన్నిసార్లు చెప్పానో వీడికి" అన్నాడు వంటమేస్త్రి. పైన మనిషి గుర్తుపట్టి, బేసిను ఎత్తి ఊపాడు. ఈయన కూడా చెయ్యి ఎత్తాడు.

బావ అట్ట మోకాళ్ల మీద పెట్టుకుని గీయడం మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు గీశాడు. మధ్యలో రెండుసార్లు పడవ అంచు మీదికి వంగి, మళ్లీ తిరిగి కూర్చుని, మూతి తుడుచుకుని, వదిలిన గీత దగ్గరే పట్టుకున్నాడు. గీతలు వంకర పోతున్నాయి, పోయినచోట పక్కన మళ్లీ గీస్తున్నాడు. తుప్పు ఎక్కడ ఉందో, ఏ అతుకు ఎంత ఉందో అన్నీ రాసుకున్నాడు. మా బావ అంటే నాకు ఎంత ఇష్టమో ఆ పడవలో తెలిసింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. చెబితే చెప్పుల సంగతి మరుగున పడిపోతుందని.

పటానికి పదకొండు రోజులు పట్టింది. కింది దుకాణం యజమాని ఒకసారి పైకొచ్చి చూసి, "ఇంత తుప్పుతో, ఖాళీ పొట్టతో, ఏ కంపెనీ తీసుకుంటుందిది" అన్నాడు. "అడిగిన మనిషి తీసుకుంటాడు" అన్నాడు బావ. నా వంతుగా నేను వెతికి వెతికి వంకేమీ దొరక్క, చార మరీ తెల్లగా ఉందన్నాను. ఆయన బ్రష్షు పక్కన పెట్టి ఆలోచించి, నిజమేనని కొంచెం పసుపు కలిపాడు. ముప్పై నాలుగేళ్లలో నేను పెట్టిన వంక ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. ఆ తర్వాత ముక్కు కుడికి కావాలని ఎవరొచ్చినా, ఆ వైపు ఫొటో తెచ్చిస్తేనే వేస్తానని ఖచ్చితంగా చెప్పేవాడు. అంతకుముందు ఇచ్చేసిన వాటి మాటెత్తితే మాత్రం లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవాడు. ఇప్పటికీ అంతే.

పటం ఆరాక ఒక ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం వంటమేస్త్రి ఇంటికి పట్టుకెళ్లాం. రెండో అంతస్తులో ఒకటిన్నర గది. కుట్టుమిషను గోడవైపు తిప్పి ఉంది, దాని పక్కన బడిపిల్లల యూనిఫారాలు కుప్పగా. ఆయన భార్య సన్నగా, నిటారుగా ఉంది. మమ్మల్ని కూర్చోమంది గానీ, కుడుతున్న అంచు పూర్తయ్యేదాకా లేవలేదు. వంటమేస్త్రి పాత పటం దింపి, అదే మేకుకి ఇది తగిలించాడు. బావ వెళ్లి ఒక మూల కొంచెం పైకి సర్దాడు. ఇద్దరూ పక్కకి తప్పుకుని నిలబడ్డారు, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు.

ఆవిడ దారం తెంపి, కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికొచ్చింది.

"ఇదిగో. ఇక్కడ" అన్నాడు వంటమేస్త్రి. వేలు కిటికీ మీద పెట్టాడు.

"ఇంత చిన్నదా?"

"లోపల పర్లేదు. ఇద్దరు నిలబడొచ్చు."

"ఈ చారేంటి?"

"గిన్నెలు కడిగిన నీళ్లు. నేను పోసినవే."

ఆవిడ చార వెంబడి చూపు దించి, మళ్లీ కిటికీ దగ్గరికి తెచ్చింది. ఇంకా దగ్గరికి వంగింది. "ఇందులోంచి చూస్తే ఏం కనిపించేది?"

"నీళ్లు."

"ఊళ్లకి వెళ్లినప్పుడు?"

"అప్పుడూ నీళ్లే. నిచ్చెన దించేది ఎడమవైపు కదా, ఎక్కడికెళ్లినా ఆ వైపే గట్టుకి కట్టేవాళ్లు. ఊళ్లన్నీ అటు ఉండేవి. నా వైపు నీళ్లు."

"దిగి చూసేవాడివేగా."

"రేవులో ఉన్నప్పుడే పనెక్కువ. సరుకు దింపే కూలీలకి కూడా టీలూ టిఫిన్లూ చూడాలి. ఎప్పుడైనా సబ్బు అయిపోతే దిగేవాణ్ని. గట్టు మీదే దుకాణాలుంటాయి, కొనుక్కుని ఎక్కేసేవాణ్ని."

ఆవిడ కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది, తుడిచినవే మళ్లీ తుడిచింది. "నువ్వు లోకమంతా చూస్తున్నావనుకున్నాను" అంది చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "నన్నిక్కడ ఈ గోడ ముందు కూర్చోబెట్టి నువ్వు రోజుకో ఊరు చూస్తున్నావని. ప్రతి పూటా అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆ కోపం మీదే మిషను తొక్కాను. ఇప్పుడా కోపాన్ని ఏం చేసుకోమంటావు?"

వంటమేస్త్రి వేలు ఇంకా కిటికీ మీదే ఉంది. తియ్యాలో వద్దో తెలియనట్టు అలాగే నిలబడ్డాడు. బావ నా మోచెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. మేం చప్పుడు కాకుండా చెప్పులు వేసుకుంటుంటే, ఆవిడ యూనిఫారాల కుప్ప పక్కకి జరిపి బల్ల మీద ఇద్దరికి చోటు చేయడం కనిపించింది. ముందు తను కూర్చుంది.

"కూర్చో" అంది ఆయనతో. "ఆ నీళ్లెలా ఉండేవో చెప్పు."